జీఆర్ఈ వర్బల్‌కి పదాల లిస్టు బట్టీ పట్టాలా, చదువుతూ నేర్చుకోవాలా?

బ్రాడీపేట_కుర్రాడు
అందరికీ నమస్తే. గుంటూరులో బీటెక్ ఫైనలియర్. టెన్త్ దాకా మా ఊళ్లో తెలుగు మీడియమే, ఇంటర్ నుంచి ఇంగ్లిష్. డిసెంబర్‌లో జీఆర్ఈ (యూఎస్‌లో పీజీ సీటు కోసం రాసే పరీక్ష) రాద్దామనుకుంటున్నా, అంటే చేతిలో నాలుగు నెలలే ఉన్నాయి. కోచింగ్‌లో మా సర్ ఏమంటున్నారంటే ముందు 3500 పదాల లిస్టు మొత్తం పూర్తి చెయ్యి, అప్పటిదాకా ప్రశ్నల జోలికే పోవద్దు అని. రోజుకి 50 పదాలు, మర్నాడు పొద్దున్నే అప్పజెప్పించుకుంటారు. మా సీనియర్ అన్న ఒకాయన యూఎస్‌లో ఉన్నాడు, ఆయనేమో ఆ లిస్టు అవతల పారేసి రోజూ ఇంగ్లిష్ వ్యాసాలు చదువు, పదాలు వాటంతటవే వస్తాయి అంటున్నాడు. ఇద్దరూ గట్టిగానే చెప్తున్నారు. క్వాంట్ (లెక్కల భాగం) అంటే నాకు భయం లేదు, వర్బల్ (ఇంగ్లిష్ భాగం) దగ్గరే. ఎవరి మాట వినాలి? కారణంతో సహా చెప్పండి ప్లీజ్.

పటమట_ఇంగ్లిష్
బాబూ, నేను కాలేజీలో ఇంగ్లిష్ చెప్తాను, ఈ పరీక్షకి వెళ్లే పిల్లల్ని చాలాకాలంగా చూస్తున్నాను కాబట్టి కొంచెం పొడుగ్గా రాస్తాను, ఓపిగ్గా చదువు.

ఆ 3500 లిస్టు ఎప్పటిదో ముందు తెలుసుకోవాలి. 2011 ఆగస్టు దాకా జీఆర్ఈలో ఆంటోనిమ్స్ (వ్యతిరేక పదాలు), అనాలజీస్ (పదాల జంటల పోలికలు) అని రెండు రకాల ప్రశ్నలుండేవి. ఒక పదం ఇచ్చి దీనికి వ్యతిరేకం ఏది అని అడిగేవాళ్లు, వాక్యం గీక్యం ఏమీ ఉండేది కాదు. పదం తెలిస్తే మార్కు, తెలియకపోతే లేదు. ఆ పరీక్షకి లిస్టు బట్టీ పట్టడంలో అర్థం ఉంది. తర్వాత ఆ రెండూ తీసేశారు. ఇప్పుడున్నవి టెక్స్ట్ కంప్లీషన్ (ఖాళీలు పూరించడం), సెంటెన్స్ ఈక్వివలెన్స్ (ఒకే ఖాళీలో పెడితే వాక్యానికి ఒకే అర్థం తెచ్చే రెండు పదాలు ఎంచడం), రీడింగ్ కాంప్రహెన్షన్ (పాసేజ్ చదివి జవాబులివ్వడం). మూడింటిలోనూ పదం వాక్యంలోనే ఉంటుంది. పైగా 2023 సెప్టెంబర్ నుంచి పరీక్ష కుదించారు, వర్బల్ మొత్తం 27 ప్రశ్నలు, మొదటి సెక్షన్‌లో 18 నిమిషాల్లో 12, రెండో దాంట్లో 23 నిమిషాల్లో 15. అందులో సుమారు సగం రీడింగే. పరీక్ష మారినా చాలా చోట్ల నోట్సు మారలేదు, బాధంతా అదే.

సెంటెన్స్ ఈక్వివలెన్స్‌కి ఒక ఉదాహరణ చూడు, నేను తయారుచేసిందే. "ఆ విమర్శకుడు మామూలుగా పొగడ్తల దగ్గర పిసినారే అయినా, ఈ నవల మీద ఆయన రాసిన సమీక్ష మాత్రం ____ గా ఉంది." ఆరు ఆప్షన్లు: ఎఫ్యూజివ్, టెర్స్, గషింగ్, పెడాంటిక్, లకానిక్, ఎసొటెరిక్. రెండు ఎంచుకోవాలి, రెండూ కరెక్టయితేనే మార్కు. లిస్టు బట్టీ పట్టిన కుర్రాడి కళ్లు టెర్స్, లకానిక్ మీదకి పోతాయి, ఎందుకంటే రెండింటికీ ముక్తసరిగా అనే అర్థం, ఒకే గుంపులో చదివాడు, జంట దొరికిందని టిక్కు పెట్టేస్తాడు. కానీ వాక్యంలో "అయినా", "మాత్రం" అని ఉన్నాయి. మామూలుగా పొగడడు, ఇక్కడ పొగిడాడు అని కదా చెప్తోంది. కాబట్టి పొగడ్త పొంగి పొర్లే మాటలు కావాలి, ఎఫ్యూజివ్, గషింగ్. పదాలు ఆరూ వచ్చినా వాక్యం చదవడం రాకపోతే మార్కు పోతుంది. నీ సీనియర్ చెప్పిందే నా ఓటు. చదువు.

కృష్ణలంక_2022
మాస్టారూ, మీ మీద గౌరవంతోనే చెప్తున్నా, ఈ "చదువుతూ ఉంటే వస్తాయి" అనే మాట చిన్నప్పట్నుంచి ఇంట్లో ఇంగ్లిష్ పేపర్ వచ్చినోళ్లు, కాన్వెంట్లో చదివినోళ్లు చెప్పే మాట అండీ. మీ ఉదాహరణే తీసుకోండి. "అయినా", "మాత్రం" పట్టుకున్నాడు, పొగిడే మాట కావాలని అర్థమైంది, బానే ఉంది. ఎఫ్యూజివ్ అంటే తెలియకపోతే ఏం టిక్కు పెట్టాలి? వాక్యం అర్థమయ్యాక కూడా చివరికి పదం కావాల్సిందే కదా.

నాదీ ఈ తమ్ముడి పరిస్థితే, టెన్త్ దాకా తెలుగు మీడియం. హిందూ ఎడిటోరియల్ చదవమంటే చదివాను, ఒక పేరాలో పది పదాలకి డిక్షనరీ తియ్యాల్సి వస్తే అది చదవడం ఎట్టా అవుద్ది, రెండో పేరా కొచ్చేసరికి మొదటి పేరాలో ఏముందో గుర్తుండదు, విసుగొచ్చి పక్కన పెట్టేస్తాం. పైగా ఆ వ్యాసాల్లో గరులస్, ఆబ్స్టినేట్, ప్రొసాయిక్ లాంటివి ఎన్నిసార్లు వస్తాయి చెప్పండి? ఒకసారి కనపడిన పదం మళ్లీ కనపడాలంటే వారాలు పడుద్ది, ఈలోపు మర్చిపోతాం. నాలుగు నెలల్లో అట్టా ఎన్ని పదాలు వస్తాయి? లిస్టులో అయితే ముఖ్యమైనవన్నీ ఒకచోట ఉంటాయి. నేను లిస్టే చదివాను, రూట్లు (పదాల మూలాలు) పట్టుకుని చదివాను. లొక్వేషస్, ఎలొక్వెంట్, కొలోక్వియల్, మూడింటిలోనూ మాట్లాడటమే ఉంది, ఒకటి వస్తే మూడూ వస్తాయి. ఆ పదాలు వచ్చాకే ఎడిటోరియల్ అర్థమవడం మొదలైంది. ముందు పదాలు, తర్వాతే చదువు. తమ్ముడూ, సర్ మాట వదలబాకు.

ఆటోనగర్_బ్రో
అసలు ఎంఎస్ కంప్యూటర్స్‌కి వెళ్లేవాడికి వర్బల్ మీద ఇంత గోల అవసరమా బ్రో. 2020 నుంచి చాలా యూనివర్సిటీలు జీఆర్ఈనే ఆప్షనల్ చేశాయి, అడిగే చోట కూడా ఇంజినీరింగ్ వాళ్లకి క్వాంటే చూస్తారు. ఆ టైమ్ ప్రాజెక్టు మీద, ఎస్ఓపీ (ఎందుకు చదవాలనుకుంటున్నావో అప్లికేషన్‌తో రాసిచ్చే వ్యాసం) మీద పెట్టుకో.

సత్యనారాయణపురం_సిరి
ఆటోనగర్ గారూ, సగం ఒప్పుకుంటాను. తను అప్లై చేసే యూనివర్సిటీల పేజీల్లో జీఆర్ఈ కావాలా వద్దా అన్నది ముందు చూసుకోవాలి, అసలు అక్కర్లేకపోతే ఈ చర్చే లేదు. కానీ స్కోరు పంపిస్తే 130 నుంచి 170 స్కేలు మీద వర్బల్ మార్కు కూడా క్వాంట్ పక్కనే కనపడుద్ది, దాన్ని దాచి పంపలేం. ఇంకో మాట, అక్కడికెళ్లాక వారం వారం రీసెర్చ్ పేపర్లు చదవాలి కదండీ. ఆ చదువు వృథా పోదు.

ఇక అసలు విషయం. నేను ఎంఏ ఇంగ్లిష్, భాష ఎలా నేర్చుకుంటారన్నదే నా సబ్జెక్టు. కృష్ణలంక గారు అనుభవంతో చెప్పినదానికి పరిశోధనలో కూడా ఆధారం ఉంది. పాల్ నేషన్ అని న్యూజీలాండ్ ప్రొఫెసర్, పదసంపద మీద జీవితమంతా పనిచేసినాయన. 2006లో ఆయన వేసిన లెక్క ప్రకారం సాయం లేకుండా ఒక పుస్తకమో పేపరో చదివి అర్థం చేసుకోవాలంటే అందులోని పదాల్లో 98 శాతం ముందే తెలిసుండాలి, అంటే 50 పదాలకి ఒక్కటే తెలియనిది ఉండొచ్చు. దానికి 8000 నుంచి 9000 పద కుటుంబాలు (ఒక పదం, దాన్నుంచి వచ్చే రూపాలన్నీ కలిపి ఒక కుటుంబం) రావాలి. పేరాకి పది తెలియనివి వస్తుంటే ఊహించి నేర్చుకోవడం అనేదే జరగదు. కాబట్టి మాస్టారూ, తెలుగు మీడియం పిల్లల్ని నేరుగా ఎడిటోరియల్ లోకి తోసేస్తే అన్యాయం అవుద్ది.

అలాగని రోజుకి 50 పదాల అప్పగింత కూడా నేను ఒప్పుకోను. ఎబ్బింగ్‌హౌస్ అనే జర్మన్ ఆయన మతిమరుపు మీద ప్రయోగాలు చేశాడు, తన మీదే తను, 1885లో అచ్చు వేశాడు. ఏ అర్థమూ లేని అక్షరాల ముక్కలు బట్టీ పట్టి ఎంతసేపటికి ఎంత పోతుందో కొలిచాడు. ఒక రోజు గడిచేసరికే చాలా భాగం ఎగిరిపోయింది. వాక్యం లేకుండా లిస్టులో చదివిన ఇంగ్లిష్ పదం మనకి దాదాపు అలాంటి ముక్కే. మర్నాడు పొద్దున అప్పజెప్పగలిగితే వచ్చేసినట్టు కాదు. నెల తర్వాత ఎదురైతే గుర్తుపట్టాలి. అందుకని కొత్త పదాలు రోజుకి పదిహేనో ఇరవయ్యో చాలు, మిగతా టైమంతా పాతవి తిరగెయ్యాలి. అంకి లాంటి యాప్ ఏ పదం ఎప్పుడు మళ్లీ చూపించాలో అదే లెక్కేస్తుంది. ఆ లెక్కన నాలుగు నెలల్లో 3500 పూర్తి కావు, అక్కర్లేదు కూడా. తరచుగా వచ్చేవి వెయ్యి, పన్నెండొందలు గట్టిగా వస్తే చాలా దూరం పోవచ్చు. ప్రతి కార్డు మీదా అర్థం ఒక్కటే కాకుండా ఒక వాక్యం ఉండాలి, అది తప్పనిసరి.

పటమట_ఇంగ్లిష్
సిరి గారు చెప్పింది న్యాయంగా ఉంది. నేను వ్యతిరేకించేది "అప్పటిదాకా ప్రశ్నల జోలికి పోవద్దు" అనే మాటనే. ఆ ఒక్క మాట వల్ల మంచి పిల్లలు పరీక్ష ముందు నెలలో మొదటిసారి పాసేజ్ తెరిచి బెదిరిపోవడం చూశాను, మనసుకి కష్టమేస్తుంది. ఇంటర్లో బిట్లు బట్టీ పట్టించిన అలవాటే ఇక్కడా తెచ్చి పెడుతున్నారు.

కృష్ణలంక గారూ, మీరన్న "కాన్వెంట్ మాట" గురించి ఒక్కటి చెప్పనివ్వండి. తెలుగు మీడియంలో చదివినవాళ్లకి చదవడం రాదని కాదు. తెలుగులో సంపాదకీయం చదివి రాసినాయన ఎటు మొగ్గాడో ఇట్టే చెప్పేస్తారు. "అయితే", "కాకపోతే", "అంత మాత్రాన" అన్న చోట వాదం మలుపు తిరుగుతుందని వాళ్లకి ఎవరూ నేర్పక్కర్లేదు. ఇంగ్లిష్‌లో హౌఎవర్, ఆల్దో, ఫార్ ఫ్రమ్, ఆల్బీట్ దగ్గర చెయ్యాల్సింది అదే. ఆ తెలివి వాళ్ల దగ్గర ఇప్పటికే ఉంది. లిస్టు ముందు కూర్చోబెట్టి అదేదో లేనట్టు మాట్లాడితే నాకు నచ్చదు.

బ్రాడీపేట_కుర్రాడు
అందరికీ చాలా థ్యాంక్స్. ఒక డౌట్. నిన్న రూమ్మేట్ ఒక పాసేజ్ ఇచ్చాడు, పదాలన్నీ తెలిసినవే, అయినా చివరి ప్రశ్నలో రెండు ఆప్షన్ల మధ్య ఇరుక్కుపోయా. రెండో పేరాలో రచయిత ఏం చేస్తున్నాడు అని అడిగాడు. ఒక ఆప్షన్‌లో క్లెయిమ్‌ని రిఫ్యూట్ చేస్తున్నాడని ఉంది, ఇంకోదాంట్లో క్లెయిమ్‌ని క్వాలిఫై చేస్తున్నాడని ఉంది. క్వాలిఫై అంటే అర్హత కదా, క్లెయిమ్ అర్హత పొందడం ఏంటి అని అది కొట్టేశా. ఆన్సర్ అదే అంట. ఎట్టా?

సత్యనారాయణపురం_సిరి
ఇక్కడ క్వాలిఫై అంటే ఆ మాటకి హద్దు పెట్టడం. "ఇది నిజమే, కానీ అన్ని చోట్లా కాదు" అనడం. రిఫ్యూట్ అంటే పూర్తిగా తప్పని తేల్చెయ్యడం. పరీక్షలో ఇలాంటివి చాలా వస్తాయి, మనకి బాగా తెలుసనుకున్న మాటలే రెండో అర్థంలో. టెంపర్ అంటే కోపం కాకుండా తగ్గించడం, చెక్ అంటే అడ్డుకోవడం. లిస్టు చదివేవాళ్లు ఇవి మనకి వచ్చినవే కదా అని దాటేస్తారు.

పాసేజ్ చదివేటప్పుడు ఇలా చెయ్యి. చాలావాటిలో వరస ఇదే ఉంటుంది: పాతవాళ్లు ఒకటనుకున్నారు, కొత్త పరిశోధకులు ఇంకోటన్నారు, ఇప్పుడు రచయిత ఎవరి పక్షం, ఎంతవరకు. ప్రతి పేరా అవ్వగానే ఆ పేరా ఏం చేసిందో మనసులో తెలుగులో ఒక్క ముక్క అనుకో. "పాత వాదం చెప్పాడు." "ఒప్పుకున్నాడు గానీ ఒక మెలిక పెట్టాడు." నీ పాసేజ్‌లో రెండో పేరాకి ఆ రెండో ముక్క అనుకుని ఉంటే రిఫ్యూట్ వైపు చూసేవాడివే కాదు.

కృష్ణలంక_2022
ఈ తెలుగులో అనుకోవడం అనేది నాకు నచ్చింది, కోచింగుల్లో ఇంగ్లిష్‌లోనే ఆలోచించు అని ప్రాణం తీస్తారు. కానీ అక్కా, నేను ఇంకా నా మాట మీదే ఉన్నా. మొదటి నెల పదాలకే ఎక్కువ టైమ్ ఇవ్వాలి, మూడొంతులు పదాలు, ఒక వంతు ప్రశ్నలు. పునాది లేకుండా పాసేజులు చేస్తే తప్పుల మీద తప్పులొచ్చి ధైర్యం పోద్ది, మనలాంటోళ్లకి ముందు పోయేది ధైర్యమే.

పటమట_ఇంగ్లిష్
మొదటి నెలకి ఒప్పుకుంటాను, రెండో నెల నుంచి సగం సగం, ఆఖరి నెలలో ప్రశ్నలే ఎక్కువ ఉండాలి. చదవడానికి ఎడిటోరియల్ కన్నా సైన్సు, చరిత్ర, కళల మీద వ్యాసాలు మేలు, పరీక్షలో వచ్చేవి అలాంటివే. నీకు బొత్తిగా ఆసక్తి లేని విషయం మీద వారానికి రెండన్నా చదువు, బ్యాక్టీరియా గురించో పద్దెనిమిదో శతాబ్దం చిత్రకళ గురించో, ఎందుకంటే పరీక్షలో విషయం ఎంచుకునే వీలు ఉండదు. ఎప్పుడైనా బెజవాడ వస్తే లెనిన్ సెంటర్ పాత పుస్తకాల షాపుల్లో ఇంగ్లిష్ మ్యాగజైన్లు వెతుకు, పాత సంచికలైనా నష్టం లేదు.

బ్రాడీపేట_కుర్రాడు
సరే సర్, అక్కా, అన్నా. రోజుకి 20 పదాలు వాక్యంతో, రోజూ కొన్ని ప్రశ్నలు, అప్పగింతకి మాత్రం వెళ్తా, ఫీజు కట్టేశాం కాబట్టి ఇంట్లో ఊరుకోరు. ఈటీఎస్ (జీఆర్ఈ పెట్టే సంస్థ) వాళ్ల ఫ్రీ మాక్ టెస్టులు, పవర్‌ప్రెప్ అని, రెండున్నాయంట, అవి ఇప్పుడే రాసెయ్యాలా?

సత్యనారాయణపురం_సిరి
పవర్‌ప్రెప్ రెండూ ఒకేసారి ఖర్చు చెయ్యొద్దు. ఒకటి ఈ వారమే రాయి, ఎక్కడున్నావో తెలుస్తుంది. రెండోది పరీక్షకి పది రోజుల ముందు, అసలు పరీక్ష ఏ టైమ్‌కి బుక్ చేసుకున్నావో అదే టైమ్‌కి, మధ్యలో లేవకుండా. వర్బల్‌లో మొదటి సెక్షన్ ఎలా చేశావన్న దాన్ని బట్టే రెండో సెక్షన్ కష్టం మారుద్ది, అందుకని మొదటి 12 ప్రశ్నల దగ్గర తొందరపడకు. ఒకే ప్రశ్న దగ్గర ఆగిపోయినా మార్క్ చేసి ముందుకెళ్లు, అదే సెక్షన్‌లో వెనక్కి రావొచ్చు. నెగటివ్ మార్కులు లేవు, ఏదీ ఖాళీ వదలొద్దు. పాస్‌పోర్ట్ ఉందా లేదా చూసుకున్నావా? మన దగ్గర సెంటర్లో ఐడీగా అదే అడుగుతారు, లేకపోతే ఈ వారమే అప్లై చెయ్యి, పేరు స్పెల్లింగు రిజిస్ట్రేషన్‌లో కూడా అచ్చం అలాగే ఇవ్వు.

బ్రాడీపేట_కుర్రాడు
పాస్‌పోర్ట్ లేదక్కా. రేపే అప్లై చేస్తా.