పీటీఈ పాత స్కోరు చెల్లుతుందా, మళ్ళీ రాయాలా? మెల్‌బోర్న్‌కి కొత్తగా వచ్చాం, సలహా చెప్పండి

అడిగినవారు: టార్నీట్ నుంచి, కొత్త సభ్యుడు

అందరికీ నమస్కారం. హైదరాబాద్ నుంచి వచ్చి కొద్ది వారాలే అయింది. కంపెనీ 482 వీసా (కంపెనీ స్పాన్సర్ చేసే తాత్కాలిక పని వీసా) మీద తీసుకొచ్చింది. నా వయసు 31, బీటెక్ చేశాను, సాఫ్ట్‌వేర్ టెస్టర్‌ని. ఏసీఎస్ (ఐటీ వాళ్ళ చదువు, అనుభవం అంచనా వేసే సంస్థ) వాళ్ళు కోత పోను మూడేళ్ళ పైచిలుకు అనుభవం లెక్కగట్టారు, అదంతా ఇండియాలో చేసిందే. 2024 అక్టోబర్‌లో హైదరాబాద్‌లో పీటీఈ అకడమిక్ (కంప్యూటర్ మీద రాసే ఇంగ్లీష్ టెస్ట్) రాశాను. లిజనింగ్ 74, రీడింగ్ 72, రైటింగ్ 71, స్పీకింగ్ 70. నా భార్య బీకాం చదివింది, ప్రస్తుతం ఉద్యోగం లేదు, ఇంగ్లీష్ టెస్ట్ ఏదీ రాయలేదు.

189కి (స్పాన్సర్ లేకుండా పాయింట్ల మీద ఇచ్చే పీఆర్, అంటే శాశ్వత నివాస వీసా) ఈఓఐ (ఆసక్తి తెలిపే దరఖాస్తు) వేద్దామనుకుంటున్నాం. ఆఫీసులో ఒకాయన "పీటీఈ రూల్స్ మారాయి, నీ స్కోరు ఇక పనికిరాదు" అన్నారు. నిజమేనా? మళ్ళీ రాసి తక్కువొస్తే ఉన్నది కూడా పోతుందా? ఈ టెన్షన్‌తో వారం నుంచి సరిగ్గా నిద్ర లేదు.

పాయింట్ కుక్ నుంచి

తమ్ముడూ, మన ఊరికి స్వాగతం. ముందు నీ పాయింట్లు లెక్కేద్దాం, చాలామంది ఈ లెక్క వేసుకోకుండానే ఈఓఐ అంటారు. 25 నిండి 33 నిండని వయసుకి 30. బీటెక్‌కి 15. బయటి దేశంలో మూడేళ్ళ అనుభవానికి 5. ఇంగ్లీష్‌కి కాంపిటెంట్, ప్రొఫిషియెంట్, సుపీరియర్ అని మూడు మెట్లు, నీది ప్రొఫిషియెంట్ కిందికి వస్తుంది, 10. మొత్తం 60. గేటు 65 దగ్గరుంది. 2018 జూలైకి ముందు 60 ఉంటే ఈఓఐ వెయ్యనిచ్చేవాళ్ళు, ఆ రోజులు పోయాయి. పైగా 65 అనేది లోపలికి రానిచ్చే గీత మాత్రమే. ఐటీ వాళ్ళకి 189 ఇన్విటేషన్ (వీసాకి అప్లై చెయ్యమనే పిలుపు) రావాలంటే దానికి చాలా పైన ఉండాలి.

నీ చేతిలో ఉన్న పెద్ద అస్త్రం ఇంగ్లీషే. వయసు పెంచలేవు, తగ్గించలేవు. అనుభవం రాత్రికి రాత్రి పెరగదు. ఇంగ్లీష్ ఒక్కటే 10 నుంచి 20కి వెళ్తుంది. కూర్చుని చదివి నాలుగింటిలోనూ 79 కొట్టు, సుపీరియర్ వస్తుంది. మేమంతా అలాగే చేశాం.

సిడ్నీ వెస్ట్‌మీడ్ నుంచి

పాయింట్ కుక్ అన్నగారూ, పాయింట్ల లెక్క సరిగ్గా చెప్పారు కానీ ఆ 79 ఇప్పుడు కొత్తగా రాసేవాళ్ళకి వర్తించదండి. 2025 ఆగస్టు 7 నుంచి పీటీఈకి ఒక్కో విభాగానికి ఒక్కో గీత పెట్టారు. సుపీరియర్‌కి లిజనింగ్ 69, రీడింగ్ 70, రైటింగ్ 85, స్పీకింగ్ 88. అదే వరుసలో ప్రొఫిషియెంట్‌కి 58, 59, 69, 76. కాంపిటెంట్‌కి 47, 48, 51, 54. ఐఈఎల్‌టీఎస్ మాత్రం పాతలాగే, కాంపిటెంట్‌కి 6, ప్రొఫిషియెంట్‌కి 7, సుపీరియర్‌కి 8.

అయితే ఆగస్టు 6 దాకా రాసినవాళ్ళకి పాత గీతలే. బ్రదర్, మీరు జాగ్రత్తగా చూడాల్సింది ఇదే. మీది 2024 అక్టోబర్ టెస్ట్. పాత లెక్కలో నాలుగూ 65 దాటాయి, కాబట్టి ప్రొఫిషియెంట్, 10 పాయింట్లు. అవే మార్కులు ఇప్పుడు రాసి తెచ్చుకుంటే? స్పీకింగ్ 70, కొత్త గీత 76. ప్రొఫిషియెంట్ రాదు, పది పాయింట్లూ పోతాయి. అంటే మీ పాత కాగితం కొత్త కాగితం కంటే విలువైనది. మీ ఆఫీసాయన సరిగ్గా తలకిందులుగా చెప్పారు.

మళ్ళీ రాస్తే పాతది రద్దవదు. ఏ ఫలితం చూపించాలో మీ ఇష్టం. సుపీరియర్ వస్తే కొత్తది పెట్టండి, రాకపోతే పాతదే ఉంచండి. పాతది 2027 అక్టోబర్ దాకా పనిచేస్తుంది. టెస్ట్ రాసిన తేదీ నుంచి మూడేళ్ళలోపు ఇన్విటేషన్ రావాలి. ఈఓఐ వేసిన తేదీ కాదు, ఇన్విటేషన్ తేదీ.

క్రేగీబర్న్ నుంచి

వెస్ట్‌మీడ్ ఆవిడ చివర రాసిన ఆ ఒక్క వాక్యం దగ్గర మా ఇల్లు తలకిందులైంది. అందుకే వివరంగా చెప్తాను తమ్ముడూ, దయచేసి పూర్తిగా చదువు.

మా ఆయన పీటీఈలో పాత రూల్స్ ప్రకారం సుపీరియర్ తెచ్చుకున్నారు. మేం ఒక ఏజెంట్ దగ్గరికి వెళ్ళాం. తెలుగాయన, మాటలు బాగా చెప్పేవారు, సగం ఫీజు ముందే కట్టించుకున్నారు. ఈఓఐ ఆయన ఆఫీసులో ఎవరో నింపారు. లాగిన్ మాకివ్వలేదు. అడిగితే "మీకెందుకమ్మా, మేం చూసుకుంటాం" అన్నారు. ఈఓఐ రెండేళ్ళు అక్కడే ఉంటుంది కదా, ఎదురుచూస్తూ ఉన్నాం. ఒకరోజు ఇన్విటేషన్ వచ్చింది. గుంటూరులో అత్తయ్య మామయ్యలకి ఫోన్ చేసి చెప్పాం, ఇక్కడ నలుగురికి భోజనాలు పెట్టాం.

అప్లికేషన్‌కి కాగితాలు సర్దుతుంటే పీటీఈ రిపోర్టు మీద తేదీ చూశాను. ఇన్విటేషన్ వచ్చేనాటికి మూడేళ్ళు నిండి కొన్ని వారాలైంది. గుండె జారిపోయింది. ఏజెంట్‌కి ఫోన్ చేస్తే ఆయన అన్న మాట నాకిప్పటికీ గుర్తుంది. "ఈఓఐ వేసినప్పుడు వాలిడ్‌గానే ఉంది కదమ్మా, కేస్ ఆఫీసర్ అంత చూడరు, అప్లై చేసేద్దాం." అప్లై చెయ్యడమంటే ఒక్కరికే ఐదు వేల డాలర్లకి దగ్గర ఫీజు. నాకు నమ్మకం కుదరలేదు. వేరే రిజిస్టర్డ్ ఏజెంట్‌కి డబ్బు కట్టి ఒక గంట మాట్లాడాం. ఆవిడ రిపోర్టు చూసిన వెంటనే చెప్పేసింది. ఇన్విటేషన్ నాడు చేతిలో లేని పాయింట్లు అడిగినట్టే లెక్క, వీసా తిరస్కరిస్తారు, ఫీజు వెనక్కి రాదు అని.

ఇన్విటేషన్‌కి ఉండే 60 రోజులూ కళ్ళముందే కరిగిపోతుంటే చూస్తూ కూర్చున్నాం. ఈలోపు మా ఆయనకి 33 నిండాయి, వయసు పాయింట్లు 30 నుంచి 25కి పడిపోయాయి. తర్వాత 190 (రాష్ట్రం నామినేట్ చేసే పీఆర్ వీసా) ద్వారా వచ్చాం, అది వేరే కథ. మొదటి ఏజెంట్ కట్టించుకున్న సగం ఫీజు ఒక్క డాలరు కూడా తిరిగివ్వలేదు.

కాబట్టి ఈఓఐ నువ్వే వేసుకో. ఏజెంట్‌ని పెట్టుకున్నా లాగిన్ నీ దగ్గరే ఉంచుకో, ఓమారా (మైగ్రేషన్ ఏజెంట్లని రిజిస్టర్ చేసే ప్రభుత్వ ఆఫీసు) రిజిస్టర్‌లో ఆయన నంబర్ ఉందో లేదో చూడు. 2027 అక్టోబర్ తేదీని క్యాలెండర్‌లో ఇవాళే రాసిపెట్టుకో.

పాయింట్ కుక్ నుంచి

అమ్మా, మీకు జరిగింది చదివితే బాధగా ఉంది. ఫలితం గడువు చూసుకోవాల్సింది మనమే, ఇందులో రెండో మాట లేదు.

కొత్త గీతల సంగతి వెస్ట్‌మీడ్ ఆవిడ చెప్పింది నిజం. కానీ దాన్ని చూసి తమ్ముడు భయపడి ఊరుకుంటే నష్టం. లిజనింగ్, రీడింగ్ 79 నుంచి 69, 70కి దిగాయి. తమ్ముడికి పాత టెస్ట్‌లోనే 74, 72 ఉన్నాయి, అవి రెండూ ఇప్పటి లెక్కలో సుపీరియర్. ఇక మిగిలింది రైటింగ్, స్పీకింగ్. మూడు నెలలు గట్టిగా పట్టు.

వెస్ట్‌మీడ్ నుంచి

స్పీకింగ్ 70 నుంచి 88కి మూడు నెలల్లో వెళ్ళడం అందరికీ జరగదండి. పైగా ఆగస్టులో గీతలొక్కటే మారలేదు, స్పీకింగ్‌లో రెండు కొత్త ప్రశ్నలు చేర్చారు. ఒక చర్చ విని సారాంశం చెప్పాలి, ఒక సందర్భం ఇస్తే దానికి తగ్గట్టు మాట్లాడాలి. అమీర్‌పేట కోచింగ్‌లో బట్టీ పట్టించే టెంప్లేట్ ఇక్కడ నడవదు. ధారాళంగా మాట్లాడేవాళ్ళకి ఐఈఎల్‌టీఎస్ మంచిదని నా అభిప్రాయం. స్పీకింగ్‌లో ఎదురుగా మనిషి ఉంటారు. ఒక్క విభాగంలో తక్కువైతే ఆ ఒక్కటే మళ్ళీ రాసే వన్ స్కిల్ రీటేక్‌ని ఆస్ట్రేలియా హోమ్ అఫైర్స్ ఒప్పుకుంటుంది.

పాయింట్ కుక్ నుంచి

ఐఈఎల్‌టీఎస్ రైటింగ్‌లో 8 తెచ్చుకున్న తెలుగువాళ్ళని వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు. 7.5 దగ్గర ఆగిపోయి ఏళ్ళు గడిపినవాళ్ళు నాకు తెలుసు. ఏది రాసినా ముందు రెండింటివీ ఒక్కో మాక్ టెస్ట్ రాసి చూసుకుని నిర్ణయించుకోమనండి.

జిలాంగ్ నుంచి

ఇంతమంది ఇన్ని రాశారు కానీ అసలు ప్రశ్న ఎవరూ అడగలేదు. తమ్ముడు 482 మీద ఉన్నాడు. రెండేళ్ళు ఇదే పని చేస్తే కంపెనీ 186కి (కంపెనీ ద్వారా వచ్చే పీఆర్ వీసా) నామినేట్ చెయ్యొచ్చు. దానికి పాయింట్ల లెక్కే లేదు. కాంపిటెంట్ ఇంగ్లీష్ చాలు, అంటే ఐఈఎల్‌టీఎస్‌లో నాలుగూ 6. నీ మేనేజర్‌ని, హెచ్‌ఆర్‌ని ఇప్పుడే అడుగు, 186 చేస్తారా లేదా అని. చేస్తామంటే ఈమెయిల్‌లో రాయించుకో.

రెండోది, 491, ప్రాంతీయ తాత్కాలిక వీసా. దాని నామినేషన్‌కి 15 పాయింట్లు. మెల్‌బోర్న్ ఆ లెక్కలోకి రాదు, మా జిలాంగ్ వస్తుంది, బల్లారట్, బెండిగో వస్తాయి. మూడేళ్ళు ఉండి 191 వీసాతో పీఆర్ తీసుకోవచ్చు. టార్నీట్ నుంచి జిలాంగ్‌కి రైలుంది.

పాయింట్ కుక్ నుంచి

186 మంచిదే కానీ కంపెనీ చేతిలో మన జుట్టు పెట్టినట్టే. ఉద్యోగం పోతే కొత్త స్పాన్సర్‌ని వెతుక్కోవడానికి ఇచ్చేది 180 రోజులు. రెండు దారులూ తెరిచి ఉంచుకో తమ్ముడూ. 186 మాట ఇచ్చారని ఈఓఐ మానేయకు.

జిలాంగ్ నుంచి

మానేయమని నేనెక్కడ అన్నాను అన్నా? రెండూ చెయ్యమనే అంటున్నాను.

మెల్టన్ నుంచి, టీచర్

తమ్ముడూ, నీ భార్య గురించి ఎవరూ మాట్లాడలేదు. నీ లెక్కలో నాకు ముందు కనిపించింది అదే.

ఒంటరివాళ్ళకి 10 పాయింట్లు ఇస్తారు. పెళ్ళయినవాళ్ళకి భార్యకి స్కిల్ అసెస్‌మెంట్, కాంపిటెంట్ ఇంగ్లీష్ రెండూ ఉంటే 10, ఇంగ్లీష్ ఒక్కటే ఉంటే 5. ఏదీ లేకపోతే సున్నా. ఇప్పుడు నువ్వు సున్నాలో ఉన్నావు. ఆమె కాంపిటెంట్ తెస్తే నీ 60 కాస్తా 65 అవుతుంది. నువ్వు స్పీకింగ్ 88 కోసం కుస్తీ పట్టేలోపు ఈ ఐదూ చేతికొస్తాయి. "మా ఆవిడ ఇంగ్లీష్ మీడియంలో చదివింది, కాలేజీ లెటర్ ఉంది" అని చాలామంది ధీమాగా ఉంటారు. ఆ లెటర్‌తో ఈ పాయింట్లు రావు. టెస్ట్ రాయాల్సిందే.

ఇంకో ఐదు మన తెలుగులోనే ఉన్నాయి. నాటీ (అనువాదకులకి సర్టిఫికెట్ ఇచ్చే సంస్థ) వాళ్ళ సీసీఎల్ పరీక్ష తెలుగులో ఉంది. రెండు సంభాషణలు వినిపిస్తారు, ఇటు ఇంగ్లీష్ మాట తెలుగులోకి, అటు తెలుగు మాట ఇంగ్లీష్‌లోకి నోటితో చెప్పాలి. 90కి 63 రావాలి, ఒక్కో సంభాషణలో 45కి కనీసం 29 ఉండాలి. ఆసుపత్రి, కోర్టు, ఇన్సూరెన్స్, సెంటర్‌లింక్ (ప్రభుత్వ సాయం ఇచ్చే ఆఫీసు), ఇలాంటి విషయాలొస్తాయి. ఇంట్లో మాట్లాడే తెలుగే కదా అని తయారీ లేకుండా వెళ్ళి ఫెయిలైనవాళ్ళు చాలామంది. నోట్స్ రాసుకోవడం ప్రాక్టీస్ చెయ్యి. ఇది అప్లై చేసేవాళ్ళే రాయాలి, మీ ఆవిడ పాసైతే లెక్కలోకి రాదు.

ఒకటి మాత్రం గుర్తుంచుకో. పాయింట్లకి కావలసిన ఇంగ్లీష్ వేరు, వృత్తి అసెస్‌మెంట్‌కి కావలసింది వేరు. ఏసీఎస్ నిన్ను ఇంగ్లీష్ అడగలేదు. మా టీచర్లకి ఐట్‌సిల్ (టీచర్ల అర్హత అంచనా వేసే సంస్థ) ఐఈఎల్‌టీఎస్ అకడమిక్‌లో స్పీకింగ్, లిజనింగ్ 8, రీడింగ్, రైటింగ్ 7 అడుగుతుంది. రేపు మీ ఆవిడ కూడా ఏదైనా అసెస్‌మెంట్‌కి వెళ్తే ఆ వృత్తికి ఏం కావాలో ముందే చూసుకోండి.

టెస్ట్ బుక్ చేసేటప్పుడు పాస్‌పోర్ట్‌లో పేరు ఎలా ఉందో అలాగే ఇవ్వాలి. మన వాళ్ళకి ఇంటిపేరు ఒక కాగితంలో పూర్తిగా, ఇంకో కాగితంలో పొడి అక్షరంగా ఉంటుంది. కొందరి పాస్‌పోర్ట్‌లో సర్‌నేమ్ గడి ఖాళీ. పేరు కలవకపోతే పరీక్ష హాల్లో వెనక్కి పంపేస్తారు, ఫీజు పోతుంది.

టార్నీట్ నుంచి, అడిగినవారు

అందరికీ చాలా చాలా థాంక్స్. పాత స్కోరు అలాగే ఉంచి, ముందు మా ఆవిడ చేత టెస్ట్ రాయిస్తాను, నేను సీసీఎల్ మొదలుపెడతాను. 186 సంగతి సోమవారం హెచ్‌ఆర్‌ని అడుగుతాను. చివరిగా ఒక్క సందేహం. తను ఐఈఎల్‌టీఎస్ రాస్తానంటోంది. అకడమిక్ రాయాలా, జనరల్ రాయాలా? ఇంటి నుంచి ఆన్‌లైన్‌లో రాయొచ్చా?

మెల్టన్ నుంచి, టీచర్

పాయింట్లకి రెండింటిలో ఏదైనా ఒప్పుకుంటారు. తనకి జనరల్ తేలిక. అసెస్‌మెంట్ ఆలోచన ఉంటే మాత్రం ఆ సంస్థ ఏది అడుగుతుందో చూసి బుక్ చెయ్యండి. ఇంటి నుంచి రాసినవి చెల్లవు, సెంటర్‌కి వెళ్ళే రాయాలి. నాలుగింటిలోనూ 6 రావాలి, మొత్తం సగటు 6 ఉంటే సరిపోదు.