తిరుపతి కరకంబాడి రోడ్డులో ఇల్లు, ప్రీకాస్ట్‌తో కట్టించవచ్చా? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి

30 అంకణాలు: అన్నలూ అక్కలూ, మాకు కరకంబాడి రోడ్డు పక్కన 30 అంకణాల ప్లాటు ఉంది, అంటే 120 గజాలు. కింద ఒక ఇల్లు, పైన ఒక ఇల్లు వేయాలని. మేస్త్రీ ఎనిమిది నెలలు అంటున్నాడు, అద్దింటి ఓనరు మూడు నెలల్లో ఖాళీ చేయమంటున్నాడు. ప్రీకాస్ట్ అంటే ఫ్యాక్టరీలో గోడలు, స్లాబులు ముందే పోసి తెచ్చి క్రేన్‌తో నిలబెట్టేస్తారంట కదా. అడుగుకు ఎంత పడుతుంది? వానకు కారుతుందా? రేపు పైన ఇంకో అంతస్తు వేసుకోవచ్చా?

పలమనేరు రైతు: కళ్లు మూసుకుని పెట్టించు తమ్ముడూ. మా మామిడితోపు చుట్టూ రెడీమేడ్ ప్రహరీ వేయించి మూడేళ్లు. గుంతలు తీసి స్తంభాలు నిలబెట్టారు, స్తంభానికి రెండు పక్కలా గాడి ఉంటుంది, పైనుంచి పలకలు ఒక్కొక్కటే జారవిడిచారు. అంతే. పోయినేడు కౌండిన్య అడవి నుంచి ఏనుగులు దిగి ఒక మూల తోసేశాయి. పగిలిన నాలుగు పలకలు మార్చి, మిగతావి మళ్లీ అవే ఎత్తి పెట్టుకున్నాను. ఒక పూట పని. ఇటుక గోడైతే?

పుత్తూరు అమ్మాయి: అన్నా, ఆయన అడిగింది ఇంటి గురించి. ఏనుగుల గురించి కాదు.

పలమనేరు రైతు: ఏనుగు తోస్తేనే లెక్కలేదు, వాన ఎంతమ్మా?

బకెట్ బాధితుడు: వాన గురించి నేను చెప్తాను. బెంగళూరులో మాది ప్రీకాస్ట్ ఫ్లాటు. గోడకు వంక పెట్టలేం, అద్దంలా ఉంటుంది, పూత పని కూడా పెద్దగా అక్కర్లేకపోయింది. కానీ పలకా పలకా కలిసే చోట సన్నటి గీత వెంబడి నీళ్లు. లోపల నింపిన సీలెంట్ ఎండి విడిపోయిందన్నారు. రెండు వానాకాలాలు హాల్లో బకెట్ పెట్టుకుని టీవీ చూశాం. కట్టినవాళ్ల పేరు అడగొద్దు, చెప్పను.

మేస్త్రీ కొడుకు: ఎనిమిది నెలలని మేస్త్రీని అనేముందు అందులో పని ఎన్నాళ్లు జరుగుతుందో లెక్కేయండి. బ్యాంకు డబ్బు రాలేదని ఒక నెల, ఇసుక లేదని ఒక నెల, ఆషాఢం అని ఒక నెల. ఆపేది మీరు, పేరు మాకు.

శ్రీసిటీ ఇంజినీర్: 19 ఏళ్లుగా ఈ ఫీల్డులోనే ఉన్నాను, ఎన్ని షెడ్లు లేపానో నాకే లెక్కలేదు, కాబట్టి కొంచెం వినండి. ప్రీకాస్ట్‌లో టైము మిగిలేది క్రేన్ వల్ల కాదు. ఇక్కడ పునాది తవ్వుతుండగానే అక్కడ గోడలు తయారవుతుంటాయి, అందువల్ల. ఆవిరితో క్యూరింగ్ చేస్తాం కాబట్టి మరుసటి రోజే అచ్చు విప్పేయొచ్చు. సైటులో పోసిన స్లాబుకైతే వేడి ఎండల్లో కనీసం పది రోజులు తడి ఆరకూడదని కాంక్రీటు పనుల కోడ్ చెబుతుంది. తిరుపతి మే నెలలో పదో రోజు దాకా నీళ్లు కట్టినవాడిని నాకు చూపించండి. సెంట్రింగ్ చెక్కలు, పోట్లు కూడా చాలావరకు తప్పుతాయి.

కానీ ఒక్క ఇంటి కోసం అచ్చులు చేయించడం అంటే ఒక్క విస్తరికి గాడిపొయ్యి తవ్వినట్టే. చెన్నై పెరుంబాక్కంలో 2022లో 1,152 ఇళ్లు ఈ పద్ధతిలో పూర్తయ్యాయి. ఒకే కొలత పలకలు వందలకొద్దీ పోస్తే ఖర్చు దిగుతుంది.

కొత్త కాపురం: ప్రభుత్వం కట్టించిన మా టిడ్కో ఇల్లు కూడా ప్రీకాస్టే కదండీ? గోడలన్నీ కాంక్రీటే.

శ్రీసిటీ ఇంజినీర్: కాదు. అది షియర్ వాల్. అచ్చులు సైటులోనే నిలబెట్టి కాంక్రీటు అక్కడే పోస్తారు.

చిత్తూరోడు: ఇంత చెబుతున్నారు, 2021 నవంబరు వానలు మర్చిపోయారా? తిరుపతి కృష్ణానగర్‌లో సిమెంటు ఒరల సంపు నేలలోంచి పైకి లేచి నిలబడింది. ఊరంతా వెళ్లి చూసింది. ఒరలంటే ఏమిటి, మీ ప్రీకాస్టే కదా!

శ్రీసిటీ ఇంజినీర్: అది ఒరల తప్పు కాదు. కడగడానికి సంపు ఖాళీ చేస్తున్నారు, చుట్టూ నేల నిండా నీళ్లు. ఖాళీ బిందెను నీళ్లలోకి నొక్కి వదిలితే ఏమవుతుంది?

చిత్తూరోడు: బిందె తేలుతుంది. సిమెంటు తేలుతుందా సార్?

శ్రీసిటీ ఇంజినీర్: ఓడ ఇనుముతోనే కదా చేస్తారు!

చిత్తూరోడు: మా వీధిలో ఇటుక సంపులు ఆరు ఉన్నాయి. ఒక్కటీ లేవలేదు.

బకెట్ బాధితుడు: వాటి నిండా నీళ్లు ఉండుంటాయి బాబూ.

చిత్తూరోడు: నువ్వు ముందు నీ బకెట్ చూసుకో. 19 ఏళ్లు షెడ్లు కట్టినాయన ఇళ్ల గురించి చెప్పడం, దానికి నువ్వు తాళం వేయడం.

అడ్మిన్: సంపు చర్చ ఇక్కడితో ఆపండి. ఇంకొక్క మాట పడితే ఇద్దరినీ బ్లాక్ చేస్తాను.

పుత్తూరు అమ్మాయి: ఒక విషయం ఎవరూ చెప్పడం లేదు. తలుపు, కిటికీ, కరెంటు పైపు, స్విచ్ బోర్డు అన్నీ పలక పోయకముందే డ్రాయింగులో తేలిపోవాలి. మా నాన్న స్లాబు పడ్డాక ఎవరో చెప్పారని వంటిల్లు ఆగ్నేయానికి మార్పించారు. ఇటుక గోడ కాబట్టి సుత్తితో సరిపోయింది. మీ ఇంట్లో వాస్తు చెప్పేవాళ్లు ఎంతమంది ఉన్నారో ముందు చూసుకోండి.

30 అంకణాలు: ముగ్గురు. మా అత్తగారితో కలిపి.

శ్రీసిటీ ఇంజినీర్: అయితే కష్టమే. లోపల ఉక్కు తీగలు లాగి బిగించి పోసిన బోలు స్లాబుకు తర్వాత బెజ్జం వేస్తే తీగ తెగుతుంది, బలం పోతుంది. ఇంకో అంతస్తు అడిగారు, పునాది, అతుకులు మొదటి రోజే దానికి లెక్కగట్టి ఉంటేనే. అతుకంటే వాన కారడం ఒక్కటే కాదు. లండన్‌లో రోనాన్ పాయింట్ అని 22 అంతస్తుల పలకల భవనం, 1968 మే 16న 18వ అంతస్తులో గ్యాస్ పేలి ఒక గోడ బయటికి పోయింది. దాంతో పైవి కిందవి కలిసి ఒక మూల మొత్తం జారిపోయింది, నలుగురు చనిపోయారు. కాంక్రీటు పలకలు ఉన్నాయి, వాటిని ఒకదానితో ఒకటి పట్టి ఉంచే కట్టు సరిగా లేదు. ఇప్పుడు ప్రీకాస్ట్ కట్టడాలకున్న మన కోడ్ ఐఎస్ 15916 చూసుకునే డిజైన్ చేస్తాం.

సరే, మీ వీధి వెడల్పెంత? పైన తీగలు ఉన్నాయా?

30 అంకణాలు: 20 అడుగులు. ఇంటి ముందే కరెంటు తీగలు, ఎదురింటివాళ్ల కారు ఎప్పుడూ వీధిలోనే.

శ్రీసిటీ ఇంజినీర్: ఇంకేం క్రేన్.

మేస్త్రీ కొడుకు: లింటెళ్లు, అల్మరా పలకలు మా నాన్న నేలమీద ముందే పోసి ఆరబెట్టి ఎక్కిస్తారు. దానికి క్రేన్ ఎందుకు, నలుగురు మనుషులు చాలు. ఇంగ్లీషు పేరు పెట్టుకోలేదు గానీ అదీ ప్రీకాస్టే.

శ్రీసిటీ ఇంజినీర్: ఒప్పుకుంటాను. పైకప్పుకూ అలాంటిది ఉంది. రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ సీబీఆర్ఐ వాళ్ల పద్ధతి, చిన్న దూలాలు, వాటి మీద చిన్న పలకలు, పైన కొంచెం కాంక్రీటు. చేతులతో ఎత్తుకోవచ్చు.

చిత్తూరోడు: దూలాలు పెట్టి పైన బండలు పరిచిన మా తాత మిద్దె అదే కదా! దానికి 19 ఏళ్ల అనుభవం కావాలా?

అడ్మిన్: చిత్తూరోడు గారూ.

30 అంకణాలు: మేస్త్రీతోనే మాట్లాడుకుంటాను, ఆ దూలాల సంగతి ఆయన్ని అడుగుతాను. అడుగుకు ఎంతో మాత్రం ఇంతవరకు ఎవరూ చెప్పలేదు.

పలమనేరు రైతు: ప్రహరీకైతే నేను చెప్తా తమ్ముడూ. మీ ప్లాటు చుట్టుకొలత ఎంత?