మ్యూజికల్ థియేటర్ కాలేజీ ఎంచుకునే ముందు ఏమేం అడగాలి?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. మేం అమెరికాలో ఉంటాం. మా అమ్మాయి హైస్కూల్ ఆఖరి ఏడాదిలోకి వస్తోంది, మ్యూజికల్ థియేటరే (పాటలు, డాన్స్‌తో సాగే నాటకాల చదువు) చదువుతానని పట్టుబట్టింది, మేమూ సరేనన్నాం. బీఎఫ్ఏ (బ్యాచిలర్ ఆఫ్ ఫైన్ ఆర్ట్స్), బీఏ, బీఎం (బ్యాచిలర్ ఆఫ్ మ్యూజిక్) అని మూడు రకాల డిగ్రీలు కనిపిస్తున్నాయి. ఏ కాలేజీ వెబ్‌సైట్ తెరిచినా బ్రాడ్‌వేలో, అంటే న్యూయార్క్‌లోని పెద్ద థియేటర్లలో, నటిస్తున్న పూర్వ విద్యార్థుల ఫొటోలే. క్యాంపస్ చూడ్డానికి వెళ్ళినప్పుడు "మీరేమైనా అడగాలా" అంటే ఏం అడగాలో తోచడం లేదు. ఏం అడిగితే అసలు సంగతి బయటపడుతుందో తెలిసినవాళ్ళు చెప్పండి, ప్లీజ్.

జవాబు 1:
అంకుల్, నేను బీఎఫ్ఏ చేశాను. అన్నిటికంటే ముందు, మొదటి ఏడాది చేరినవాళ్ళలో ఎంతమంది నాలుగో ఏడాది దాకా ఉంటున్నారో అడగండి. కొన్ని చోట్ల "కట్" పద్ధతి ఉంటుంది, అంటే ఏడాదో రెండేళ్ళో అయ్యాక కొందర్ని ప్రోగ్రామ్‌లోంచి తప్పిస్తారు. మాకు కట్ లేదు అని చెప్పినా సరే అంకె అడగండి, ఎవరూ తీసేయకుండానే పిల్లలు వాళ్ళంతట వాళ్ళే వెళ్ళిపోతుంటే దానికీ ఏదో కారణం ఉంటుంది కదా.

తర్వాత వాయిస్. విడిగా ఒక్కరికే చెప్పే పాఠం వారం వారం ఉంటుందా, అరగంటా గంటా, చెప్పేది ఫ్యాకల్టీయా మాస్టర్స్ స్టూడెంటా, బెల్ట్ (గట్టిగా, పాప్ పాటల్లా పాడటం), లెజిట్ (శాస్త్రీయ పద్ధతికి దగ్గరగా పాడటం) రెండూ నేర్పుతారా. గొంతు దెబ్బతింటే ఏం చేస్తారో మాత్రం తప్పకుండా అడగండి. మా క్లాసులో ఒకమ్మాయికి షో దగ్గరపడ్డాక గొంతు బొంగురుపోయింది. టీచర్ వెంటనే ఆమెను ఈఎన్‌టీ డాక్టర్ దగ్గరికి పంపి, పాటలు అండర్‌స్టడీతో (ఆ పాత్ర నేర్చుకుని అవసరమైతే బదులుగా నటించే విద్యార్థితో) పాడించారు, ఆ వారమంతా రిహార్సల్‌లో ఆమె పెదాలు మాత్రం కదుపుతూ అడుగులు వేసింది. "ఓర్చుకుని పాడు" అనే చోట నాలుగేళ్ళు ఉంటే గొంతు మిగలదు.

జవాబు 2:
ఏడాదికి ఎన్ని షోలు వేస్తారని అందరూ అడుగుతారు, వాటిలో మామూలు విద్యార్థికి ఎన్ని అవకాశాలు వస్తాయన్నది ఎవరూ అడగరు. దీనికి నాకు తెలిసిన మంచి దారి, గత రెండు మూడేళ్ళ షోల ప్రోగ్రామ్ పుస్తకాలు ఇవ్వమని అడిగి పేర్లు చూడటం. పెద్ద పాత్రల్లో అవే నాలుగు పేర్లు తిరుగుతుంటే మీకే అర్థమైపోతుంది. కొన్ని చోట్ల మొదటి ఏడాది పిల్లలకు పాత్రలివ్వరు, అది తప్పేమీ కాదు, ముందే తెలిస్తే చాలు. మాస్టర్స్ వాళ్ళు కూడా అదే షోకి ఆడిషన్ ఇస్తారా అన్నదీ అడగండి.

సీనియర్ షోకేస్ గురించి కూడా అడగండి, అంటే ఆఖరి ఏడాది పిల్లలు ఏజెంట్లు, కాస్టింగ్ వాళ్ళ ముందు ఇచ్చే ప్రదర్శన. న్యూయార్క్‌లో పెడతారా, ఖర్చు ఎవరిది, క్లాసంతా ఉంటుందా లేక కొందర్నే ఎంచుతారా.

జవాబు 3:
డిగ్రీల సంగతి నేను చెప్తానండీ. బీఎఫ్ఏలో చదువులో దాదాపు మూడింట రెండు వంతులు పాట, నటన, డాన్స్ మీదే పోతుంది. బీఏలో వేరే సబ్జెక్టులకు చోటు ఎక్కువ, ఇంకో మేజర్ (ముఖ్య సబ్జెక్టు) కలుపుకోవడం తేలిక. బీఎం సాధారణంగా మ్యూజిక్ విభాగం కింద ఉంటుంది, మ్యూజిక్ థియరీ, ఇయర్ ట్రైనింగ్ (విని స్వరాలు గుర్తుపట్టే సాధన) గట్టిగా ఉంటాయి. బీఎఫ్ఏ అయితేనే అసలైన చదువు అన్న మాట దయచేసి నమ్మకండి, ఆడిషన్‌లో డిగ్రీ పేరు చూసి పాత్ర ఇవ్వరు.

ఇంకొకటి, చాలా కాలేజీలు ముందు ప్రీస్క్రీన్ వీడియోలు అడుగుతాయి, అవి శరదృతువులోనే పంపాలి. అందులో నెగ్గినవాళ్ళకే అసలు ఆడిషన్. న్యూయార్క్, షికాగోల్లో జరిగే యూనిఫైడ్స్ (చాలా కాలేజీలు ఒకే చోట పెట్టే ఆడిషన్లు) జనవరి, ఫిబ్రవరిల్లో వస్తాయి. కాబట్టి ఈ ప్రశ్నలన్నీ వేసవిలోనే అడిగేసి లిస్టు తగ్గించుకోండి, తర్వాత టెన్షన్‌లో ఏదీ అడగలేరు. టాలెంట్ స్కాలర్‌షిప్ ఇస్తే నాలుగేళ్ళూ ఉంటుందా, ఏ షరతు మీద ఆగిపోతుందో రాతపూర్వకంగా తీసుకోండి.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ చాలా థాంక్స్. ఇవన్నీ ఫ్యాకల్టీనే అడగాలా, పిల్లల్ని అడిగితే బాగోదేమో?

జవాబు 1:
ఏం ఫర్లేదు అంకుల్, పిల్లల్నే అడగండి. టూర్ చూపించే వాళ్ళని కాకుండా రెండో ఏడాది వాళ్ళని, ఫ్యాకల్టీ పక్కన లేనప్పుడు. మీ అమ్మాయినే అడగనివ్వండి, ఆ వయసు వాళ్ళు వాళ్ళలో వాళ్ళు దాచుకోకుండా చెప్పుకుంటారు. వీలైతే ఒక క్లాసులో కూర్చోనివ్వమనండి. తప్పు పాడిన పిల్లతో టీచర్ ఎలా మాట్లాడారో తనే చూస్తుంది.