ఆర్‌సీ 390కి స్లిప్-ఆన్ వేయించాలా, ఫుల్ సిస్టమా, కంపెనీ సైలెన్సరే ఉంచాలా?

కీసర కుర్రాడు: అందరికీ నమస్కారం. నా దగ్గర 2022 మోడల్ కేటీఎం ఆర్‌సీ 390 ఉంది, ఇప్పటికి 14,000 కిలోమీటర్లు తిరిగింది. ఆదివారాలు చేవెళ్ల మీదుగా వికారాబాద్ వెళ్లి వస్తుంటాను, ఈ ఏడాది మద్రాసు ఇంటర్నేషనల్ సర్క్యూట్‌లో ఒక ట్రాక్ డే (సొంత బండిని రేసు ట్రాక్ మీద నడిపే రోజు) కూడా చేయాలని ఉంది. సైలెన్సర్ మార్చడానికి 55 వేల రూపాయలు పక్కన పెట్టుకున్నాను. ఏది వేయించమంటారు?

పిస్టన్ పంతులు: స్లిప్-ఆన్ వేయించండి, ఫుల్ సిస్టమ్ జోలికి వెళ్లవద్దు. స్లిప్-ఆన్ అంటే చివరి డబ్బా ఒక్కటే మారుతుంది. ఇంజిన్ కింద ఉన్న పెట్టె, అందులోని క్యాటలిటిక్ కన్వర్టర్ (పొగలోని విషవాయువులను తగ్గించేది), పొగలో మిగిలిన ఆక్సిజన్‌ను కొలిచే సెన్సర్ అన్నీ ఎక్కడివి అక్కడే ఉంటాయి. ఫుల్ సిస్టమ్‌లో బెండ్ పైపు నుంచి అంతా మారుతుంది, కన్వర్టర్ పోతుంది, ఇంజిన్‌కు అందే గాలి పెరిగి అందులో పెట్రోలు వాటా తగ్గుతుంది. మామూలు వేగంలో సెన్సర్ చూసి ఈసీయూ (ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్) ఆ తేడాను సరిదిద్దుకుంటుంది గానీ, యాక్సిలరేటర్ పూర్తిగా తిప్పినప్పుడు అది సెన్సర్‌ను పట్టించుకోకుండా ముందే రాసిపెట్టిన మ్యాప్ (ఎప్పుడు ఎంత పెట్రోలు పోయాలో చెప్పే పట్టిక) ప్రకారం నడుస్తుంది కాబట్టి, కొత్త మ్యాప్ వేయించకపోతే ఇంజిన్ వేడెక్కుతుంది. స్లిప్-ఆన్‌తో శక్తి పెద్దగా పెరగదని ముందే చెబుతున్నాను, మహా అయితే ఒక హార్స్‌పవర్. నా బండిలో తగ్గిన బరువు సుమారు రెండు కిలోలు, అది మాత్రం మలుపుల్లో చేతికి తెలిసింది.

బెజవాడ 390: బ్యాక్ ప్రెషర్ (బయటికి పోయే పొగకు సైలెన్సర్ ఇచ్చే ఎదురు ఒత్తిడి) తగ్గితే కింది గేర్లలో టార్క్, అంటే లాగే బలం, పోతుంది. ఈ మాట ఎవరూ చెప్పడం లేదు.

పిస్టన్ పంతులు: ఎందుకు చెప్పడం లేదంటే అది నిజం కాదు కాబట్టి. ఏ ఇంజిన్‌కూ బ్యాక్ ప్రెషర్ అవసరం లేదు. కాలిన వాయువు పైపులోకి దూకినప్పుడు ఒక పీడన తరంగం బయలుదేరుతుంది, పైపు వెడల్పయ్యే చోట అది తిరగబడి, తక్కువ పీడనంతో వాల్వ్ దగ్గరికి వెనక్కి వస్తుంది. రెండు వాల్వులూ కాసేపు కలిసి తెరిచి ఉండే ఆ క్షణానికి సరిగ్గా చేరితే మిగిలిన పొగను బయటికి లాగి కొత్త గాలిని లోపలికి పీలుస్తుంది. ఆ రాక ఏ ఆర్‌పీఎం (నిమిషానికి ఇంజిన్ తిరిగే చుట్లు) దగ్గర కుదరాలో పైపు పొడవు నిర్ణయిస్తుంది. టార్క్ పోయిందంటే పొడవు, మ్యాప్ కుదరలేదని అర్థం.

బెజవాడ 390: మీరు పుస్తకం చెబుతున్నారు, నేను నా బండి గురించి చెబుతున్నాను. నగరంలోని ఒక దుకాణంలో పేరున్న సైలెన్సర్ల కంపెనీ అక్రపోవిచ్‌ది అని చెప్పి 4,500 రూపాయలకు ఒకటి అంటగట్టారు. పెట్రోలు గుడ్డతో తుడిస్తే పేరు గుడ్డకే అంటుకుంది. మూడు నెలలకు లోపలి గ్లాస్ వూల్ కాలిపోయి, సిగ్నల్ దగ్గర ఆగినప్పుడల్లా నల్లటి పీచు వెనక నంబరు ప్లేటు మీద రాలేది. రెండో గేర్‌లో బెంజ్ సర్కిల్ మలుపు తిరగడానికే బండి గునిసేది. బ్యాక్ ప్రెషర్ లేకపోవడమే కారణమని విప్పిన మెకానిక్ స్వయంగా చెప్పాడు.

పిస్టన్ పంతులు: నకిలీ డబ్బాతో పడిన బాధ అసలు డబ్బాకు సాక్ష్యం కాదు.

మర్రిచెట్ల దారి: చట్టం సంగతి ఇంతవరకు ఎవరూ ఎత్తలేదు. 175 సీసీ దాటిన మోటారు సైకిల్‌కు మన నిబంధనల ప్రకారం శబ్ద పరిమితి 80 డెసిబెల్స్. శబ్దం, కాలుష్యం ప్రమాణాలు మీరితే మోటారు వాహనాల చట్టం 190(2) సెక్షన్ కింద మొదటిసారికే 10,000 రూపాయల దాకా జరిమానా, మూడు నెలల దాకా జైలు, లేదా రెండూ. లైసెన్సు కూడా మూడు నెలలు పనికిరాకుండా పోతుంది.

కీసర కుర్రాడు: నేను చూసిన స్లిప్-ఆన్ మీద యూరప్ వారి అనుమతిని తెలిపే ‘ఈ’ ముద్ర ఉంది, ఇక్కడా చెల్లుతుందని దుకాణదారు అంటున్నారు. కానీ కంపెనీ సైలెన్సర్ వెనక ఫోన్ పెట్టి చూస్తే యాప్‌లో 90 చూపిస్తోంది. మరి అదే తప్పు కాదా?

పిస్టన్ పంతులు: ఆ 80 అనేది బండి వేగం అందుకుంటూ దాటిపోతుండగా 7.5 మీటర్ల దూరంలో కొలిచేది. మీరు పైపు నోటి దగ్గర కొలిచారు, ఆ రెండు అంకెలకూ పోలిక లేదు. ముద్ర ఉన్న వాటిలోనూ డీబీ కిల్లర్ (శబ్దం తగ్గించడానికి సైలెన్సర్ నోట్లో బిగించే గొట్టం) తీయకుండా ఉంటేనే ఆ ముద్రకు అర్థం.

మర్రిచెట్ల దారి: ఆ ముద్ర యూరప్‌లో చెల్లుతుంది. ఇక్కడ బండికి అనుమతి వచ్చింది కంపెనీ సైలెన్సర్‌తో.

హైవే హంస: ఇంత భయపడేవారు బ్యాటరీ స్కూటరు కొనుక్కోవచ్చు. పెద్ద శబ్దమే నా ప్రాణం కాపాడింది. షాద్‌నగర్ దాటాక ఒక లారీ నా మీదికి వస్తూ వస్తూ, నా బండి మోత విని పక్కకు తప్పుకుంది.

మర్రిచెట్ల దారి: సైలెన్సర్ నోరు వెనక్కి ఉంటుంది. అద్దాలు మూసుకున్న లారీ డ్రైవరు కంటే, మీరు దాటిపోయిన ఇంట్లో పడుకున్న మనిషికే ఎక్కువ వినిపిస్తుంది.

పిస్టన్ పంతులు: అడిగిన ప్రశ్న ఏ సైలెన్సర్ అని. మీరు ప్రతి చర్చలోనూ పోలీసుగా మారిపోతున్నారు. పోయిన నెల టైర్ల చర్చలోనూ ఇదే చేశారు. సింగిల్ సిలిండర్ ఇంజిన్ గొంతు విప్పితే వచ్చే ఆనందం మీకు లేకపోవచ్చు, మాకు ఉంది.

మర్రిచెట్ల దారి: నాకూ ఉంది. నా దగ్గరున్నదీ ఆర్‌సీ 390యే, 2018లో నేనూ స్లిప్-ఆన్ వేయించాను. ఇంతవరకు చెప్పని మాట ఇప్పుడు చెబుతాను. మన్నెగూడ దాటాక రోడ్డుకు ఆనుకుని ఉన్న ఊరు మాది. మీ ఆదివారపు గుంపు అయిదున్నరకు అక్కడి స్పీడ్ బ్రేకర్ దగ్గర నెమ్మదించి, దిగగానే రెండో గేర్‌లో ఒక్కసారిగా లాగుతుంది. సరిగ్గా అక్కడే మా ఇల్లు. మా అమ్మ పాలు పితికే వేళ అది. మొదటి బండి లాగగానే గేదె కాలు విసురుతుంది, చెంబు బోర్లా పడుతుంది, మిగతా పాలు దూడకు వదిలేయాల్సిందే. ఒక ఆదివారం ఆ గుంపులో నేనూ ఉన్నాను. ఇంటికి వచ్చాక కింద పడిన పాలు చూసి, ఆ సాయంత్రమే కంపెనీ డబ్బా మళ్లీ బిగించుకున్నాను. చట్టం గురించి మాట్లాడితే వింటారనుకున్నాను, అందుకే అలా రాశాను.

పిస్టన్ పంతులు: ఆ గుంపును నడిపేది నేనే. ఈ మాట నాతో నేరుగా చెప్పి ఉండవలసింది. ఊరు దాటేదాకా మూడో గేర్‌లో నెమ్మదిగా వెళ్లమని అందరికీ చెబుతాను. కానీ దానికి సైలెన్సర్లే తీసేయాలంటే మాత్రం ఒప్పుకోను. తప్పు చేసేది యాక్సిలరేటర్ తిప్పే చెయ్యి.

మర్రిచెట్ల దారి: ఇరవై చేతుల మీద నాకు ఆ నమ్మకం లేదు. మీకూ ఉందనుకోను.

కీసర కుర్రాడు: ఆ గుంపులో నేనూ ఉంటాను, ఆ స్పీడ్ బ్రేకర్ నాకు బాగా తెలుసు. ట్రాక్‌కు మాత్రం డీబీ కిల్లర్ ఉన్న స్లిప్-ఆన్ కొని, ఇక్కడ కంపెనీదే ఉంచుకోవాలనుకుంటున్నాను. విప్పిన ప్రతిసారీ గ్యాస్కెట్ మార్చాలా?

పిస్టన్ పంతులు: మార్చాలి. నలిగిన గ్యాస్కెట్‌ను మళ్లీ బిగిస్తే జాయింటు దగ్గర గాలి లీకై, యాక్సిలరేటర్ వదిలినప్పుడల్లా టపటపమంటుంది. క్లాంపు బోల్టు కొత్తది కూడా ఒకటి దగ్గర ఉంచుకోండి.

మర్రిచెట్ల దారి: పంతులు గారూ, వచ్చే ఆదివారం మీరొక్కరు అయిదింటికే రండి. మా అరుగు మీద టీ తాగుతూ, మీ గుంపు దాటేటప్పుడు నా పక్కన కూర్చోండి.

పిస్టన్ పంతులు: వస్తాను. గుంపుకు మాత్రం ముందుగా ఏమీ చెప్పను, ఎప్పటిలాగే రానివ్వండి.