జనవరిలో స్విస్ ఆల్ప్స్‌కి స్టడీ టూర్: విద్యార్థులతో వెళ్లే ముందు ఏం చూసుకోవాలి?

ప్రశ్న (భూగోళశాస్త్ర అధ్యాపకురాలు)

నమస్కారం అండి. డిగ్రీ రెండో ఏడాది విద్యార్థులు ఇరవై నాలుగు మంది, మేం ఇద్దరు అధ్యాపకులం. జనవరి మూడో వారంలో స్విట్జర్లాండ్ వెళ్లాలనుకుంటున్నాం. దావోస్‌లో కొన్ని రోజులుండి, తర్వాత రైలులో యుంగ్‌ఫ్రాయోఖ్ అనే ఎత్తైన కొండ కనుమ ఎక్కి అలెచ్ హిమానీనదం చూపించాలని ఆలోచన. పిల్లల్లో చాలామంది మంచు ముఖం చూడనివాళ్లే. ట్రావెల్స్ వాళ్లు ఇచ్చిన ప్లాన్‌లో ప్రతి గంటకీ ఏదో ఒకటి పెట్టేశారు, అది చూస్తేనే నాకు టెన్షన్‌గా ఉంది. తేదీలు సరైనవేనా? బట్టలు ఎలా? అంత ఎత్తు తట్టుకుంటారా? అన్నిటికంటే ముఖ్యం, చలికాలంలో అక్కడ పిల్లలు నిజంగా నేర్చుకునేది ఏమైనా ఉంటుందా, లేక ఫొటోలు దిగి రావడమేనా?

జవాబు (విద్యార్థి బృందాలతో ఆల్ప్స్ వెళ్లిన అధ్యాపకుడు)

మేడం, ముందు తేదీల సంగతి. దావోస్‌లో ప్రపంచ ఆర్థిక వేదిక సమావేశం జరిగేది సాధారణంగా జనవరి మూడో వారం చుట్టుపక్కలే. ఆ రోజుల్లో గదులు దొరకవు, దొరికినా ధర అందదు, ఊరంతా భద్రతా తనిఖీలు. ఆ ఏటి తేదీలు చూసుకుని మీ టూర్‌ని ఒక వారం అటో ఇటో జరపండి. మరీ ఫిబ్రవరిలోకి వెళ్తే అక్కడి బడులకు క్రీడా సెలవులు మొదలవుతాయి. ఒక్కో కాంటన్‌కి (అంటే అక్కడి రాష్ట్రానికి) ఒక్కో వారం ఇస్తారు కాబట్టి నెలంతా హాస్టళ్లు నిండుగానే ఉంటాయి.

ఇక చలికాలంలో నేర్చుకునేది ఏముంటుందన్నారు. చాలా ఉంది, కానీ మీ ప్లాన్‌లో ఉన్నది మాత్రం కాదు. జనవరిలో హిమానీనదం మీద అడుగుల మందాన కొత్త మంచు కప్పి ఉంటుంది. కింద ఉన్న పాత ఐసు, పగుళ్లు, మట్టి చారలు ఏవీ కనిపించవు. యుంగ్‌ఫ్రాయోఖ్ మీద నుంచి చూస్తే అలెచ్ ఒక తెల్లటి లోయలా ఉంటుంది. దృశ్యం గొప్పదే, పాఠం మాత్రం తక్కువ. చలికాలంలో చదవాల్సింది మంచునే. దానికి దావోస్‌ని మించిన చోటు లేదు. మంచు, మంచుచరియల పరిశోధన సంస్థ ఎస్‌ఎల్‌ఎఫ్ ఉన్నది అక్కడే. ఊరికి పైన వైస్‌ఫ్లూయోఖ్ దగ్గర 2,536 మీటర్ల ఎత్తున వాళ్ల పరిశీలన క్షేత్రం ఉంది, 1936 నుంచి అక్కడ మంచును కొలుస్తున్నారు. బృందాన్ని చూడనిస్తారేమో సంస్థకు ముందే రాసి అడగండి.

వాళ్లు కుదరదన్నా నష్టం లేదు. చదునైన, వాలుకు దూరంగా ఉన్న చోట, స్థల యజమానిని అడిగి, నేల తగిలేదాకా ఒక గొయ్యి తవ్వించండి. ఒక పార, ఒక టేపు, ఒక థర్మామీటరు, ఒక భూతద్దం చాలు. నీడపడే గోడను నిలువుగా చెక్కి పది సెంటీమీటర్లకోసారి ఉష్ణోగ్రత రాయించండి. పైన మైనస్ పదిహేను ఉన్నా నేలకు తగిలేచోట దాదాపు సున్నా ఉండటం చూసి పిల్లలు ఆశ్చర్యపోతారు. మంచు దుప్పటి పల్చగా ఉన్నచోట ఇంత తేడా తక్కువ మందంలోనే వస్తుంది. కింది వెచ్చని పొరల్లోంచి ఆవిరి పైకి కదిలి, గింజల్ని పంచదార పలుకుల్లాంటి పెద్ద స్ఫటికాలుగా మార్చేస్తుంది. అవి ఒకదానికొకటి అంటుకోవు. వాటి మీద గట్టి మంచు పలక పేరుకుంటే, ఏటవాలు మీద ఆ పలక జారిపోతుంది. మంచుచరియ పుట్టేది అలాగే. గట్టిదనం చూడటానికి పరికరం కూడా అక్కర్లేదు: పిడికిలి దిగుతుందా, నాలుగు వేళ్లా, ఒక వేలా, పెన్సిలా, కత్తి మాత్రమేనా అని పొర పొరకీ చూస్తారు. నిపుణులూ ఇదే వాడతారు. ఒక పూట ఇలా గడిపిన విద్యార్థి ఆ పాఠం మరిచిపోడు.

హిమానీనదం కూడా చూపించాలంటే పాంట్రెసీనా దగ్గర మోర్టెరాచ్‌కి వెళ్లండి. బెర్నీనా రైలు మార్గంలోనే స్టేషన్ ఉంది. అక్కడి నుంచి లోయలోకి నడిచే దారిలో, ఏ ఏట హిమానీనదం అంచు ఎక్కడిదాకా ఉండేదో చెప్పే పలకలు నాటారు. ఒక పలక నుంచి ఇంకో పలకకు నడుస్తుంటే వెనక్కి తగ్గడం అంటే ఏమిటో కాళ్లకే తెలుస్తుంది. 2022, 2023 రెండేళ్లలోనే స్విస్ హిమానీనదాలు తమ ఘనపరిమాణంలో సుమారు 10 శాతం పోగొట్టుకున్నాయి. ఆ అంకెను తరగతి గదిలో చెప్పడం వేరు, ఆ దారిలో నిలబెట్టి చెప్పడం వేరు. చలికాలపు నడక దారులకు గులాబీ రంగు పలకలుంటాయి, పసుపువి వేసవి దారులవి. గులాబీ పలకలున్న, ఆ రోజు తెరిచి ఉన్న దారి తప్ప ఇంకేదీ వద్దు.

జవాబు (జ్యూరిక్‌లో చదువుతున్న విద్యార్థి)

మేడం, సార్ చెప్పినదానికి చిన్న చేర్పులు. పదిమందికి పైగా ఉంటే రైలులో బృంద టికెట్ తగ్గింపు ఉంటుంది, సీట్లు కూడా ముందే చెప్పి పెట్టుకోవాలి. ఆదివారం దుకాణాలు దాదాపు అన్నీ మూసేస్తారు, పెద్ద స్టేషన్లలోవే దిక్కు. కుళాయి నీళ్లు నిశ్చింతగా తాగొచ్చు, ఎవరి సీసా వాళ్లు తెచ్చుకుంటే ఫ్రాంకులు మిగులుతాయి. ఫోన్ బ్యాటరీ చలికి ఉన్నట్టుండి పడిపోతుంది, లోపలి జేబులో ఒంటికి ఆనించి పెట్టుకోవాలి.

జ్యూరిక్‌లో దిగగానే మబ్బుగా, బూడిద రంగులో ఉందని దిగులు పడకండి. చలికాలంలో బరువైన చల్లగాలి మైదానంలో చిక్కుకుని పైన పొగమంచు మూత పడుతుంది. కొండ ఎక్కితే ఆ మూతకు పైన నీలాకాశం, ఎండ. రైలులో వెళ్తూనే ఉష్ణోగ్రతా విలోమం (కింద చల్లన, పైన వెచ్చన) చూపించేయొచ్చు.

జవాబు (వైద్యురాలు)

బట్టల గురించి నేను చెప్తాను, ఎందుకంటే ఇది ఆరోగ్య విషయమే. పిల్లలు భయపడేది చలికి, ఇబ్బంది పెట్టేది తడి. ఒకే లావుపాటి కోటు వేసుకుని ఎక్కుతారు, చెమట పడుతుంది, ఆగగానే ఆ తడి చల్లబడి వణుకు మొదలవుతుంది. కాబట్టి మూడు పొరలు: ఒంటికి ఉన్ని లేదా సింథటిక్, మధ్యలో ఫ్లీస్, పైన గాలీ నీరూ ఆపే జాకెట్. నూలు బనియన్లు, జీన్స్ వద్దు, తడిస్తే ఆరవు. నడవబోయే ముందు ఒక పొర తీసేయాలి, ఆగగానే వేసుకోవాలి. బూట్లు కొంచెం వదులుగా ఉండాలి. రెండు జతల సాక్సులతో బిగించేస్తే రక్తం ఆడక వేళ్లు ఇంకా త్వరగా మొద్దుబారతాయి.

గాలిని తక్కువ అంచనా వేయకండి. మైనస్ 10 డిగ్రీల్లో గంటకు 30 కిలోమీటర్ల గాలి వీస్తే ఒంటికి మైనస్ 20లా ఉంటుంది. ఇద్దరిద్దరిని జతకట్టి, ఒకరి ముక్కు, చెవులు, బుగ్గలు ఇంకొకరు చూస్తూ ఉండమనండి. పాలిపోయి స్పర్శ లేకుండా పోతే వెంటనే లోపలికి తీసుకెళ్లాలి. రుద్దకూడదు, మంచుతో అసలే రుద్దకూడదు. గోరువెచ్చని నీళ్లు చాలు, హీటరు దగ్గర కాచకూడదు.

చలువ కళ్లజోడు అందరికీ తప్పనిసరి. తాజా మంచు అతినీలలోహిత కిరణాల్లో 80 శాతం దాకా తిప్పి కొడుతుంది, ఎత్తు పెరిగేకొద్దీ ఆ కిరణాలూ పెరుగుతాయి.

ఇక యుంగ్‌ఫ్రాయోఖ్. స్టేషన్ 3,454 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడ గాలి పీడనం సముద్రమట్టంలో ఉన్నదానిలో మూడింట రెండు వంతులే. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు రెండు గంటల సందర్శనలో తల తేలికగా తిరగడం, ఆయాసం తప్ప పెద్దగా ఏమీ కావు. మెట్ల మీద పరుగులు పెట్టనివ్వకండి. తలనొప్పితో వాంతులు వస్తే మందు బిళ్ల ఇచ్చి కూర్చోబెట్టడం కాదు, కిందికి దించాలి. గుండె, ఊపిరితిత్తుల జబ్బు, సికిల్ సెల్, తీవ్రమైన రక్తహీనత ఉన్నవాళ్లు తమ డాక్టరు సరేననందే పైకి వెళ్లకూడదు. ఈ వివరాలు రహస్యంగా, రాతపూర్వకంగా ముందే తీసుకోండి. అందరి ముందూ అడిగితే పిల్లలు చెప్పరు.

అడిగినవారి మరో ప్రశ్న

ఎంత ఓపికగా రాశారండి, చాలా కృతజ్ఞతలు. తేదీలు మార్చేస్తున్నాం. దావోస్, మోర్టెరాచ్ ఖాయం. మరి యుంగ్‌ఫ్రాయోఖ్ తీసేయనా? పిల్లలు దానికోసమే ఎదురుచూస్తున్నారు. ఇంకోటి, మంచుచరియల మాట వినగానే తల్లిదండ్రులు కంగారు పడుతున్నారు. వాళ్లకు ఏం చెప్పాలి?

జవాబు (అదే అధ్యాపకుడు)

తీసేయకండి మేడం, చివరికి జరపండి. అప్పటికి పిల్లల ఒళ్లు ఎత్తుకూ చలికీ కాస్త అలవాటు పడుతుంది. రెండు రోజులు దానికోసం ఖాళీగా ఉంచి, ఆకాశం తేటగా ఉన్న రోజు ఎక్కండి. మబ్బులో ఎక్కితే తెల్లగోడ తప్ప ఏమీ కనిపించదు, టికెట్ ఖరీదు మాత్రం అంతే. మీ ట్రావెల్స్ వాళ్లతో గట్టిగా చెప్పాల్సింది ఇదొక్కటే: రోజుకి ఒకే ముఖ్యమైన పని, దానికి బదులుగా ఇంకోటి సిద్ధంగా. కొండల్లో ఏ రోజు ఏం చేయాలో నిర్ణయించేది వాతావరణం. డబ్బు కట్టేశాం కదా అని ఎక్కడానికి ఒప్పుకుంటే మీ చేతిలో ఏమీ ఉండదు.

తల్లిదండ్రులకు నిజమే చెప్పండి. మంచు పలకలు కదిలేది ఎక్కువగా 30 డిగ్రీలకు మించిన వాలు మీద. ప్రాణాలు పోయిన సంఘటనల్లో ఎక్కువ శాతం, ఆ చరియను కదిలించింది అందులో చిక్కుకున్నవాళ్లో వాళ్లతో ఉన్నవాళ్లో. గుర్తు పెట్టిన, తెరిచి ఉన్న దారి వదలకపోతే ఆ ప్రమాదం చాలా తగ్గిపోతుంది. ఎస్‌ఎల్‌ఎఫ్ చలికాలంలో రోజూ సాయంత్రం 5 గంటలకు ప్రమాద సూచన ఇస్తుంది, పొద్దున 8కి మళ్లీ సరిచేస్తుంది. అది 1 నుంచి 5 దాకా ఉంటుంది. మూడు అంటే మధ్యస్థం అని పిల్లలు తేలిగ్గా తీసుకుంటారు, కానీ మరణాల్లో సుమారు సగం ఆ మూడో స్థాయి రోజుల్లోనే జరుగుతున్నాయి. సాయంత్రం సూచనను రోజూ ఒక విద్యార్థి చదివి అందరికీ వివరించాలని పెట్టండి. అదీ పాఠమే.

బీమా పత్రం మాత్రం మీరే కూర్చుని చదవండి. షెంగెన్ వీసాకు (స్విట్జర్లాండ్‌తో సహా చాలా ఐరోపా దేశాలకు చెల్లే ఉమ్మడి వీసా) కనీసం 30,000 యూరోల వైద్య బీమా అడుగుతారు. అది ఉన్నంత మాత్రాన హెలికాప్టర్ రక్షణ, మంచు ఆటల్లో గాయాలు అందులో ఉన్నట్టు కాదు. ఆ రెండూ రాసి ఉన్నాయో లేదో చూడండి. వీసాకు ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచే దరఖాస్తు చేయొచ్చు, బృందం కాబట్టి ఆలస్యం చేయకండి. ప్రతి ఫోన్‌లో ఈ నంబర్లు ఉండాలి: అంబులెన్సుకు 144, హెలికాప్టర్‌తో కాపాడే రేగా సంస్థకు 1414, ఏదీ గుర్తురాకపోతే 112. వాలే కాంటన్‌లో మాత్రం హెలికాప్టర్ కావాలన్నా 144కే చేయాలి. నంబర్లతో పాటు ఆ రోజు ఉన్న చోటు పేరు కాగితం మీద రాసి జేబులో పెట్టించండి. ఫోన్ చచ్చిపోయినా కాగితం ఉంటుంది.