చలికాలంలో పిల్లలను, పెద్దలను కలిపి కోర్స్ ఫిషింగ్‌కు తీసుకెళ్లడం ఎలా?

ప్రశ్న

నమస్కారం. ఇంగ్లండ్‌లో ఒక చేపల వేట క్లబ్బులో నేను స్వచ్ఛందంగా సాయం చేస్తుంటాను. వేసవిలో చేరిన 9 నుంచి 15 ఏళ్ల పిల్లలు, కొత్తగా రాడ్ పట్టిన కొందరు పెద్దలు, జనవరి, ఫిబ్రవరి నెలల్లో కూడా వేటకు రావాలని ఉత్సాహపడుతున్నారు. సాల్మన్, ట్రౌట్ జోలికి పోకుండా రోచ్, పెర్చ్, చబ్ వంటి మంచినీటి చేపలను పట్టి, తిరిగి నీళ్లలో వదిలే కోర్స్ ఫిషింగ్ మాది. చలిలో ఒంటరిగా వెళ్లిన అనుభవం ఉన్నది కానీ, ఇంతమందిని వెంటబెట్టుకుని వెళ్లలేదు. నది మేలా, కాలువ మేలా, ఎంతసేపు ఉండవచ్చు, లైసెన్సుల విషయంలో ఏమేం చూసుకోవాలి అన్నవి తెలిసినవారు దయచేసి చెప్పగలరు. పెద్దల్లో ఇద్దరు పైక్ అనే పదునైన పళ్ల వేట చేప కోసం వెళదామని పట్టుబడుతున్నారు. పిల్లలు ఉన్నప్పుడు అది తగునా?

మొదటి సమాధానం

చోటు ఎంచుకోవడానికి ముందు వాతావరణాన్ని గమనించండి. చలి ఎంత అన్నదానికంటే అది నిలకడగా ఉన్నదా లేదా అన్నదే ముఖ్యం. వారం రోజులుగా ఒకే తీరున చల్లగా ఉన్న నీళ్లకు చేప అలవాటుపడి, పగటిపూట కాసేపైనా మేత తింటుంది; అదే నాలుగు రోజులు కాస్త వెచ్చగా ఉండి, ముందురాత్రి ఒక్కసారిగా గడ్డకట్టే చలి వచ్చిందంటే, మరునాటి ఉదయం ఎంతటి నేర్పరికైనా నీటిపై తేలే బెండు కదలడం కష్టం. రోడ్ల మీద చల్లిన ఉప్పును మోసుకుని మంచునీళ్లు నదిలో కలిసే రోజులు మరీ అధ్వానం. అందుచేత రెండు చోట్లను సిద్ధంగా ఉంచుకుని, ముందురోజు సాయంత్రం ఏదో ఒకటి ఖరారు చేసుకోండి.

పిల్లలకైతే నా ఓటు కాలువకే. చలికాలంలో పడవల రాకపోకలు తగ్గి నీళ్లు తేటపడతాయి, చిన్న రోచ్‌లు గుంపులుగా ఒకచోట చేరతాయి, ఆ గుంపు దొరికితే ప్రతి పిల్లవాడికీ చేప తగులుతుంది. రొట్టె ముక్క మీద బ్రెడ్ పంచ్ అనే చిన్న పనిముట్టును అదిమితే కందిగింజంత బిళ్ల వస్తుంది. దాన్ని 20 లేదా 22 నంబరు, అంటే చాలా చిన్న, గాలపు ముల్లుకు గుచ్చితే నీళ్లలో ఉబ్బి మెత్తగా దిగుతుంది. మిక్సీలో పొడి చేసిన రొట్టెను చిటికెడు మాత్రమే చల్లాలి, ఎందుకంటే చల్లని నీళ్లలో చేపకు అరుగుదల మందగిస్తుంది, మేత ఎక్కువైతే అది ఎరను ముట్టదు.

పిల్లలకు తప్పకుండా నేర్పవలసింది బెండును చూడడం. వేసవిలో లాగా అది గబుక్కున మునగదు. కొన సన్నగా వణికినా, వెంట్రుకవాసి పైకి లేచినా, ఉన్నచోటి నుంచి పక్కకు జరిగినా చేప తాకినట్టే. దారానికి ఉన్న బరువు గుండ్లు సరిచేసి, కొన చుక్కంత మాత్రమే నీటిపైన కనిపించేలా పెడితే ఈ కదలికలన్నీ బయటపడతాయి. రెండు మూడు తాకిళ్లను మీరు పక్కన కూర్చుని చూపించారంటే, ఆ తరువాత చూపు తిప్పమన్నా పిల్లలు తిప్పరు.

రెండవ సమాధానం

కాలువ విషయంలో పై మిత్రులతో నేను సగమే ఏకీభవిస్తాను. ఒకేచోట కదలకుండా కూర్చుంటే చేప కంటే ముందు చలి తగులుతుంది. చిన్న నది దగ్గరలో ఉంటే, చబ్ కోసం నడుస్తూ, ఒక్కో మలుపు దగ్గర పదిహేను నిమిషాలు ఆగుతూ వెళ్లడమే పెద్దలకూ, పన్నెండేళ్లు దాటిన పిల్లలకూ హాయిగా ఉంటుంది. ఇతర చేపలు ముడుచుకుపోయిన రోజున కూడా చబ్ ఎర అందుకుంటుంది. నీళ్లు వరదతో రంగు మారి ఉంటే చీజ్ పేస్టు గాని, లావుపాటి వానపాము గాని వాడండి. అయితే నది పొంగి ఒడ్డు మునిగే స్థితిలో ఉంటే, ఆ రోజుకు నది మాటే తలపెట్టవద్దు. చల్లని నీళ్లలో పడిన మనిషికి మొదటి క్షణాల్లోనే ఊపిరి అదుపు తప్పుతుంది, ఈత వచ్చినా లాభం ఉండదు. కాబట్టి పిల్లలందరికీ లైఫ్ జాకెట్లు ఉండాలి, గడ్డకట్టిన నీటి మీద ఎవరూ అడుగుపెట్టకూడదు.

మూడు గంటలు చాలు. డిసెంబరు, జనవరిల్లో సాయంత్రం నాలుగు గంటలకే చీకటి పడుతుంది కనుక పది, పదకొండు గంటల మధ్య మొదలుపెట్టి, ఎండ బాగా ఉన్న వేళను వాడుకోండి. వేళ్లు మొద్దుబారిన పిల్లవాడు ఆ మాట చెప్పడు, ముల్లు కట్టలేక విసుక్కుంటాడు. అది గమనించి ముందే చేతులు వెచ్చబెట్టించాలి. మరొక మాట: కార్బన్ రాడ్ విద్యుత్తును ప్రసరింపజేస్తుంది, తలపైన కరెంటు తీగలు ఉన్నచోటికి కనీసం 30 మీటర్ల దూరంలోనే కూర్చోబెట్టండి.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. చిన్నవారిని కాలువకు, పెద్దవారిని నదికి పంపేలా సహాయకులను పంచుకుంటాము. పైక్ సంగతి, లైసెన్సు సంగతి ఎవరైనా చెప్పగలరా?

మూడవ సమాధానం

పైక్ వేటకు చలికాలమే తగిన కాలం, వేసవి వేడిలో పోరాడిన పైక్ తిరిగి కోలుకోవడం కష్టం కాబట్టి మీ పెద్దల కోరికలో తప్పేమీ లేదు. కానీ వెనక్కి వంగిన పళ్ల వరుసలు, మూడు కొనల గాలపు ముళ్లు ఉన్నచోట ఒక సహాయకుడి దృష్టి పూర్తిగా ఆ చేప మీదనే ఉండాలి. అటువంటప్పుడు పిల్లలను ఎవరు చూస్తారు? అందుచేత దాన్ని పెద్దలకు మాత్రమే వేరే రోజుగా పెట్టుకోండి. పైక్ పళ్లకు తెగకుండా ముల్లుకు ముందు కట్టే ఉక్కు తీగ (ట్రేస్), పెద్ద వల, చేపను పడుకోబెట్టే మెత్తటి పరుపు, ముల్లు తీసే పొడవాటి ఫోర్సెప్స్, ముల్లు కత్తిరించే కటర్ లేకుండా ఎవరూ పైక్ మీదకు పోరాదు. చిన్న కదలిక కనిపించగానే లాగాలి. ఆలస్యం చేస్తే ముల్లు గొంతులోకి దిగుతుంది. గడ్డకట్టే చలిలో ఏ చేపనైనా ఫోటోల కోసం గాలిలో పట్టుకుని నిలబడకండి, తడి మొప్పలు, రెక్కలు క్షణాల్లో దెబ్బతింటాయి.

లైసెన్సు: 13 ఏళ్లు నిండిన ప్రతివారికీ ప్రభుత్వ పర్యావరణ సంస్థ అయిన ఎన్విరాన్‌మెంట్ ఏజెన్సీ ఇచ్చే రాడ్ లైసెన్సు కావాలి. 13 నుంచి 16 ఏళ్ల వారికి అది ఉచితమే అయినా తీసుకోవడం మాత్రం తప్పనిసరి, అంతకంటే చిన్నవారికి అక్కరలేదు. పిల్లవాడి రాడ్ అందుకుని ఎర విసిరి చూపించే సహాయకుడికి కూడా లైసెన్సు ఉండాలి. ఇది కాక, నీళ్ల యజమాని లేదా క్లబ్బు ఇచ్చే అనుమతి వేరు. నదుల్లో మార్చి 15 నుంచి జూన్ 15 వరకు కోర్స్ చేపల వేట నిషిద్ధం కనుక నది యాత్రలన్నీ మార్చి 14 లోపే ముగించుకుని, ఆ తరువాతి తేదీలను నిషేధం వర్తించని కాలువలకు, చెరువులకు కేటాయించుకోండి.