పెర్ల్ ప్రోగ్రామింగ్ భాషలో రెండు ప్యాకేజీల ఫైల్‌హ్యాండిళ్లు కలవట్లేదని తేల్చడానికి ఫైల్‌నో పోలిక చాలదా?

నల్లతెర: రెండు ప్యాకేజీల్లోనూ (పేర్లను విడివిడిగా ఉంచే కోడ్ భాగాలు) లాగ్ అనే బేర్‌వర్డ్ హ్యాండిల్ (ఫైల్లో రాయడానికి తెరిచిన, $ గుర్తు లేని ఒట్టి పేరు) ఉంది. రెండూ తెరిచి ఉండగా ఫైల్‌నో (తెరిచిన ఫైలుకి సిస్టమ్ ఇచ్చే నంబరు) వేరువేరుగా వస్తోంది. టెస్టు పాసైనట్టే కదా?

పాతకోడ్: కాదు. నంబర్లు వేరని తేలింది, అంతే. రెండు టెంపరరీ ఫైళ్లు తెరిచి చెరో వాక్యం రాయండి. రెండో ప్యాకేజీ లాగ్ మూసి, మొదటిదాంట్లో ఇంకో వాక్యం రాయండి. అదీ మూశాకే రెండు ఫైళ్లూ చదివి పోల్చండి. మూయకముందే చదివితే రాసింది ఇంకా బఫర్‌లోనే (తాత్కాలిక మెమరీలో) ఉండి ఫైలు ఖాళీగా కనిపిస్తుంది. ప్రింట్, క్లోజ్ రిటర్న్ విలువలూ చూడాలి.

మూడోకన్ను: బేర్‌వర్డే మానేయండి. 'ఓపెన్ మై' (హ్యాండిల్‌ను 'మై' అని ప్రకటించిన వేరియబుల్‌లో తెరవడం) పెర్ల్ 5.6 నుంచీ ఉంది.

పాతకోడ్: 'మై'కి ప్యాకేజీతో పనిలేదు, బ్లాకుతోనే పని. ఒకే ఫైల్లో రెండు ప్యాకేజీలు పెట్టి, పైన ఒక్కసారి 'మై' అని హ్యాండిల్ ప్రకటిస్తే రెండింటికీ అదే.

మూడోకన్ను: అలా ఎవరు రాస్తారండీ? కావాలని తప్పు కోడ్ చూపిస్తున్నారు.

పాతకోడ్: తప్పు కోడ్ పట్టుకోవడానికే కదా టెస్టు!

చినుకు: ఎస్‌టీడీఔట్, ఎస్‌టీడీఎర్ (మామూలుగా తెరమీదికి ప్రింట్లు, తప్పుల సందేశాలు పంపే హ్యాండిళ్లు) ఏ ప్యాకేజీలో వాడినా మెయిన్ ప్యాకేజీవే. వాటిని ఈ టెస్టులో కలపకండి.

నల్లతెర: నేనడిగింది ఫైల్‌నో గురించి. అది వదిలేసి మీలో మీరు పోట్లాడుకుంటున్నారు. ఇక్కడ హ్యాండిళ్లు వేరుగానే ఉన్నాయి, అయినా తెరమీద రావాల్సిన ప్రింట్లు లాగ్‌లోకి పోతున్నాయి!

పాతకోడ్: ఆ ముక్క ముందే చెప్పాల్సింది. అది సెలెక్ట్ (ప్రింట్లు మామూలుగా ఏ హ్యాండిల్‌లోకి పోవాలో ఎంచే ఫంక్షన్) పని. సెలెక్ట్‌కి ప్యాకేజీ హద్దు లేదు. ఒక మాడ్యూల్ లాగ్‌ను సెలెక్ట్ చేసి వెనక్కి తిప్పకపోతే, హ్యాండిల్ పేరు లేని ప్రతి ప్రింటూ ప్రోగ్రామంతటా అందులోకే పోతుంది. ఫంక్షన్ పిలిచే ముందు సెలెక్ట్ ఏమిస్తుందో దాచండి, పిలిచాక పోల్చండి. మామూలుగా మెయిన్::ఎస్‌టీడీఔట్ రావాలి. మధ్యలో డై అయ్యే (తప్పు వచ్చి ఆగిపోయే) దారిలో తప్పకుండా చూడండి, తిప్పే లైను దాకా రాకుండా పోయేది అక్కడే.

మూడోకన్ను: అందుకే ఆ పాత కోడ్ మార్చమంటున్నా. దానికి టెస్టులు కట్టుకుంటూ ఎన్నాళ్లు?

పాతకోడ్: 'మై' హ్యాండిల్‌ను సెలెక్ట్ చేసినా ఇదే జరుగుతుంది. మార్చినా ఈ టెస్టు కావాల్సిందే.

మూడోకన్ను: సెలెక్ట్ తీసేసి ప్రతి ప్రింట్‌కీ హ్యాండిల్ రాస్తే అక్కర్లేదు.

నల్లతెర: ముందు ఎవాల్‌లో (డై అయినా ప్రోగ్రాం ఆగకుండా పట్టుకునే బ్లాకు) డై చేయించి చూస్తాను. ఏ మాడ్యూలో తేలాక మార్చడం సంగతి.